8 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌కు తేలికైన గ్రాఫిక్స్ నియంత్రణ సాఫ్ట్‌వేర్ ఏది?

8 జీబీ ర్యామ్, ఎన్విడియా వారి జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌లో కొంత వీడియో ఎడిటింగ్, కొన్ని ఆటలు నడుస్తాయనీ, గ్రాఫిక్స్ డ్రైవర్‌ను, అంటే ఆ కార్డును విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రామ్‌ను, నియంత్రించడానికి బరువు లేని సాఫ్ట్‌వేర్ ఏదో చెప్పమనీ మీరు అడిగారు. డ్రైవర్ ఒక్కటే పెట్టుకోండి, ఎన్విడియా వారి పాత కంట్రోల్ ప్యానెల్ తోడుంటే చాలు. విజయనగరంలో పెళ్లి వీడియోల ఎడిటింగే జీవనాధారమైన నేను ఈ మాట గట్టిగా చెప్పగలను.

చాలామంది డౌన్‌లోడ్ ఫైలు ఎన్ని ఎంబీలు ఉందో చూసి బరువును అంచనా వేస్తారు. నేను ఒప్పుకోను. మనం చెప్పిన మార్పును డ్రైవర్‌లో రాసేసి తాను మూసుకునేది తేలికైన సాఫ్ట్‌వేర్. కంప్యూటర్ వెలిగినప్పటి నుంచి ఆపేవరకు గడియారం పక్కన కూర్చుని, తెర మీద జరిగేదంతా గమనిస్తూ ఉండేది, ఫైలు ఎంత చిన్నదైనా బరువైనదే. కంట్రోల్ ప్యానెల్ మొదటి రకానికి చెందింది. అందులో చేసిన మార్పులు డ్రైవర్ ప్రొఫైల్‌లో నిలిచిపోతాయి కనుక, దాన్ని మూసేసినా అవి పనిచేస్తూనే ఉంటాయి.

ఈ తేడా నాకు ఎంత ముఖ్యమో ఒక వైశాఖమాసపు సాయంత్రం తెలిసింది. బొబ్బిలి దగ్గరి ఊళ్లో జరిగిన పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్ అవుతోంది, అంటే ఎడిటింగ్ ముగిసి చివరి ఫైలుగా తయారవుతోంది. పెళ్లికూతురి అన్న సైన్యంలో ఉద్యోగి, ఆ రాత్రి రైలుకే తిరిగి వెళ్లిపోవాలి, చెల్లెలి పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లో వెంట తీసుకుపోవాలని ఆశ. వాళ్ల నాన్నగారు మా స్టూడియోలో కూర్చుని "ఇంకెంతసేపవుతాది బాబూ, ట్రైను టైమైపోతాది" అని అడుగుతుంటే, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060 కార్డు ఉన్న యంత్రంలో ఎక్స్‌పోర్ట్ నత్తనడక నడుస్తోంది. పని ఆపి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిచి, జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) గ్రాఫులు చూశాను. ఎక్స్‌పోర్ట్ ఆగిపోయింది కనుక 'వీడియో ఎన్‌కోడ్' అనే గీత సున్నాకు పడిపోవాలి, కానీ పడలేదు. అంటే ఆ క్షణంలో కూడా ఏదో ఒకటి కార్డులోని ఎన్‌కోడర్‌ను, అంటే వీడియోను కుదించి ఫైలుగా మార్చే భాగాన్ని, వాడుకుంటోందన్నమాట.

వెతికితే విషయం బయటపడింది. కార్డుతో వచ్చిన పెద్ద నియంత్రణ సాఫ్ట్‌వేర్‌లో, ఆటలో జరిగిపోయిన చివరి కొన్ని నిమిషాలను వెనక్కి వెళ్లి దాచుకునే రీప్లే సదుపాయం ఒకటి ఉంటుంది. అలా దాచాలంటే తెరను ఎడతెగకుండా రికార్డు చేస్తూ, తాత్కాలిక ఫైళ్లను డిస్క్ మీద రాస్తూనే ఉండాలి. మా దగ్గర పనిచేసే ఆముదాలవలస కుర్రవాడు రాత్రి పని ముగిశాక ఆడుకునే ఆట కోసం ఆన్ చేసిన ఆ సదుపాయం, డెస్క్‌టాప్ రికార్డింగ్‌కు కూడా అనుమతి ఉండడంతో, ఆట మూసేసిన తర్వాత కూడా ఆగలేదు. కుర్రవాడిని అనవలసిందేమీ లేదు. తెర రికార్డవుతోందన్న సంగతి పెద్దగా కనబడేలా చూపించవలసిన బాధ్యత ఆ సాఫ్ట్‌వేర్‌దే. దాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టగానే ఎక్స్‌పోర్ట్ వేగం అందుకుంది, ఆ సైనికుడు పెన్‌డ్రైవ్‌తోనే రైలెక్కాడు.

ఆ ముహూర్తాలు అయిపోగానే ఇంటర్నెట్ తీసేసి, విండోస్ అత్యవసరమైనవి మాత్రమే నడిపే సేఫ్ మోడ్‌లో, డ్రైవర్లను తుడిచేసే డీడీయూ అనే సాధనంతో పాత డ్రైవర్‌ను పూర్తిగా తొలగించాను. ఇంటర్నెట్ ఉంటే విండోస్ తనకు నచ్చిన డ్రైవర్‌ను మధ్యలో తెచ్చిపెడుతుంది కనుక ఆ జాగ్రత్త తప్పనిసరి. తర్వాత డ్రైవర్‌లో కావలసిన భాగాలే ఎంచుకోనిచ్చే టెక్‌పవర్‌అప్ వారి ఎన్‌వీక్లీన్‌స్టాల్‌తో డిస్‌ప్లే డ్రైవర్, టీవీకి శబ్దం వెళ్లడానికి హెచ్‌డీఎంఐ ఆడియో మాత్రమే ఎంచుకున్నాను. మీరూ అలాగే చేయండి. ఆటలకన్నా ఎడిటింగే ఎక్కువైతే ఆటల కోసం వచ్చే గేమ్ రెడీ డ్రైవర్ బదులు ఎడిటింగ్ లాంటి పనుల కోసం వచ్చే స్టూడియో డ్రైవర్ తీసుకోండి. కంట్రోల్ ప్యానెల్ కనబడకపోతే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దొరుకుతుంది. అందులో పవర్ మేనేజ్‌మెంట్‌ను గరిష్ఠ వేగానికి మార్చాలనుకుంటే ఎడిటింగ్ ప్రోగ్రామ్ ఒక్కదానికే మార్చండి. అన్నిటికీ కలిపి మారిస్తే ఖాళీగా ఉన్నప్పుడు కూడా కార్డు క్లాక్ (పనిచేసే వేగం) దిగక వేడెక్కుతుంది.

ఇక్కడ ఒక ఫిర్యాదు చెప్పకుండా ఉండలేను. కంప్యూటర్ వేగం పెంచుతామంటూ ఎన్విడియా సర్వీసులన్నీ ఆపేయమని చెప్పే వీడియోలు లెక్కలేనన్ని ఉన్నాయి. డిస్‌ప్లే కంటైనర్ సర్వీసును ఆపేస్తే కంట్రోల్ ప్యానెల్ తెరుచుకోదు. ఆ సంగతి చెప్పకపోవడం వల్ల, బాగున్న డ్రైవర్ పాడైందనుకుని కుర్రవాళ్లు మొత్తం విండోస్‌నే మళ్లీ ఎక్కించుకుంటున్నారు.

2024 నవంబరులో వచ్చిన కొత్త ఎన్విడియా యాప్, వారి పాత నియంత్రణ సాఫ్ట్‌వేర్ జీఫోర్స్ ఎక్స్‌పీరియన్స్ కన్నా మేలైనదే, లాగిన్ చేయమని బలవంతపెట్టదు. అయితే ఆ డిసెంబరులోనే, ఓవర్లేలోని (ఆట మీద తేలుతూ కనబడే ప్యానెల్‌లోని) గేమ్ ఫిల్టర్ల వల్ల కొన్ని ఆటలు నెమ్మదిస్తున్నట్టు తేలగా, వాటిని ఆపుకోమని ఎన్విడియాయే సూచించింది. ఆ యాప్ పెట్టుకోక తప్పకపోతే ఓవర్లేను మొదటే ఆపేయండి.

వెనుక నడవనివ్వదగినది నా లెక్కలో కార్డు వేడి, ఫ్యాన్, పవర్ చూసి మార్చుకోనిచ్చే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ ఒక్కటే, అదీ వేడి కోసం. మన ఉత్తరాంధ్ర వేసవి ఉక్కపోతలో, ఏసీ లేని గదిలో, 170 వాట్ల 3060 పూర్తి బలంతో పనిచేస్తే ఫ్యాన్ మోతకు ఎడిటింగ్‌లో మాటలు వినబడవు. నేను పవర్ లిమిట్‌ను (కార్డు వాడుకోగల కరెంటు హద్దును) 70 శాతానికి, అంటే 119 వాట్లకు దించి నడుపుతున్నాను. ఎక్స్‌పోర్ట్ కొద్దిగా ఆలస్యమవుతుంది, కానీ గది భరించగలిగేలా ఉంటుంది. మీ 1650 అసలే 75 వాట్ల కార్డు కనుక పవర్ తగ్గించవలసిన పని లేదు. ఫ్యాన్ వేగాన్ని సొంతంగా మార్చుకోవాలనుకుంటే మాత్రమే ఆఫ్టర్‌బర్నర్ పెట్టుకోండి, ఎందుకంటే ఆ ఫ్యాన్ లెక్క అది నడుస్తున్నంతసేపే అమలవుతుంది. ఆట ఆడుతుండగా వేడి, వేగం అంకెలు తెర మీద అక్కరలేకపోతే దానితో పాటు వచ్చే రివాట్యూనర్‌ను వదిలేయండి. డౌన్‌లోడ్ మాత్రం ఎంఎస్ఐ సొంత సైటు నుంచే చేసుకోండి. నకిలీ సైటు గురించి 2021లో ఆ సంస్థే హెచ్చరించింది.

రేపు ఏఎండీ కార్డు కొన్నా ఇదే పద్ధతి పాటించవచ్చు. 2021 నుంచి వారి ఇన్‌స్టాలర్‌లోనే డ్రైవర్ మాత్రమే పెట్టుకునే ఎంపిక ఉంది, వేరే సాధనం వెతకక్కరలేదు. ఏ కార్డయినా, ఇప్పుడు సరిగ్గా పనిచేస్తున్న డ్రైవర్ ఇన్‌స్టాలర్ ఫైలును ఒక పెన్‌డ్రైవ్‌లో దాచి ఉంచండి, పెళ్లిళ్ల రోజుల్లో కొత్త డ్రైవర్ ఎక్కించకండి.