మెకానికల్‌లో కొత్త సాంకేతికతలు: ఏది నేర్చుకోవాలి, ఎంత లోతుగా?

ప్రశ్న: మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా తరగతిలో సగం మంది సాఫ్ట్‌వేర్ వైపు వెళ్తున్నారు. మిగిలినవాళ్లు 3డి ప్రింటింగ్, డిజిటల్ ట్విన్, రోబోటిక్స్, ఏఐ అంటూ తలా ఒక కోర్సులో చేరుతున్నారు. ఈ నాలుగూ కలిపి మూడు నెలల్లో నేర్పిస్తామంటున్న సర్టిఫికెట్ కోర్సు ఒకటి ఉంది. ఇంట్లో చేరమంటున్నారు. చేరాలా? అసలు మెకానికల్‌కు భవిష్యత్తు ఉందా?

జవాబు: ఆ కోర్సులో చేరొద్దు. మూడు నెలల్లో నాలుగు సాంకేతికతల పేర్లు పరిచయమవుతాయి తప్ప ఒక్కటీ చేతికి రాదు. ఇంటర్వ్యూలో అనుభవమున్న ప్రొడక్షన్ ఇంజినీరు ఎదురుగా కూర్చుంటే సర్టిఫికెట్ పక్కన పెట్టి, ‘మీరు చేసిన భాగంలో ఏం చెడింది? ఎందుకు చెడింది? ఎలా సరిచేశారు?’ అని అడుగుతారు. వీటికి తడుముకోకుండా జవాబు చెప్పాలంటే ఒకే సాంకేతికతను డిజైన్ నుంచి కొలత దాకా పూర్తిగా పట్టుకోవాలి.

ముందు భవిష్యత్తు సంగతి. మీరు కొత్తవనుకుంటున్న వాటి వయసు చూడండి. అంకెల ఆదేశాలతో నడిచే మిల్లింగ్ (తిరిగే టూలుతో లోహాన్ని కోసే) యంత్రాన్ని అమెరికాలోని ఎంఐటీ 1952లోనే నడిపి చూపించింది. హెలికాప్టర్ రెక్కల టెంప్లేట్లను కచ్చితంగా కోయడానికి జాన్ పార్సన్స్ చేసిన ఆలోచన దానికి మూలం. జార్జ్ డెవోల్, జోసెఫ్ ఎంగెల్‌బర్గర్‌ల యూనిమేట్ రోబో 1961లో జనరల్ మోటార్స్ ప్లాంటులో అచ్చుల్లో పోసిన వేడి డై కాస్టింగ్ ముక్కల పనిలో దిగింది. చక్ హల్ తొలి 3డి ప్రింటింగ్ పద్ధతుల్లో ఒకటైన స్టీరియోలిథోగ్రఫీ పేటెంటుకు 1984లో దరఖాస్తు చేశారు, అది 1986లో చేతికొచ్చింది. కానీ 3డి ప్రింటింగ్‌తో చేసిన ఇంధన నాజిల్ ఉన్న లీప్ ఇంజిన్ ప్రయాణికుల విమానంలో సర్వీసులోకి వచ్చింది 2016లో. మధ్యలో 30 ఏళ్లు పట్టాయి. లోహపు పొడి నాణ్యత, ప్రతిసారీ అదే కొలత రావడం, లోపల పగుళ్లు ఉన్నాయో లేదో తనిఖీ చేయడం, పదేపదే బరువు మోపి చూసే వేల గంటల అలసట పరీక్షలు, ధ్రువీకరణ... వీటన్నిటికీ పట్టిన కాలమది. ప్రయోగశాలలో ఒకసారి పనిచేసినదాన్ని ప్లాంటులో పదివేలసార్లు ఒకేలా పనిచేయించడం మెకానికల్ ఇంజినీరు పని. ప్రతి కొత్త సాంకేతికతతో ఆ పని పెరుగుతుంది.

ఆ నాజిల్‌నే కాస్త లోతుగా చూద్దాం. గతంలో సుమారు 20 ముక్కలను విడివిడిగా చేసి, బ్రేజింగ్‌తోనూ (మధ్యలో వేరే లోహాన్ని కరిగించి అతకడం) వెల్డింగ్‌తోనూ అతికించేవారు. ఇప్పుడది ఒకే ముక్క, బరువు 25 శాతం తక్కువ. అతుకులు పోవడం, డ్రిల్లు చేరలేని వంకర దారులను లోపల ఏర్పరచగలగడం దాని విజయానికి అసలు కారణాలు. అదే నాలుగు బోల్టు రంధ్రాలున్న మామూలు బ్రాకెట్‌ను లోహంతో ప్రింట్ చేస్తే వృథా ఖర్చు. మిల్లింగ్‌లో అది త్వరగా, చౌకగా, మరింత నునుపుగా వస్తుంది. ఏ భాగాన్ని ప్రింట్ చేయకూడదో చెప్పగలిగితే మీకు ఈ సాంకేతికత అర్థమైనట్టు.

లోహ ప్రింటింగ్‌లో ఎక్కువగా వాడేది పౌడర్ బెడ్ పద్ధతి. 15 నుంచి 45 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సైజు లోహపు రేణువులను 30 నుంచి 60 మైక్రాన్ల మందం పొరగా పరిచి, ఆర్గాన్ వాయువులో లేజర్‌తో కరిగిస్తారు. లోహానికి ఎంత శక్తి అందుతుందో లెక్క సులువే. లేజర్ శక్తిని వేగం, గీతల మధ్య దూరం, పొర మందం మూడింటి లబ్ధంతో భాగించాలి. 200 వాట్ల లేజర్ సెకనుకు 800 మి.మీ. వేగంతో, గీతల మధ్య 0.1 మి.మీ. ఎడంతో, 0.03 మి.మీ. పొర మీద కదిలితే ఘనపు మిల్లీమీటరుకు దాదాపు 83 జౌళ్లు. ఇది మరీ తగ్గితే రేణువులు పూర్తిగా కరగక పొరల మధ్య వంకరటింకర ఖాళీలు మిగులుతాయి. మరీ పెరిగితే లోహం ఆవిరై లోతైన గుంత పడుతుంది. ఆ గుంత అడుగున గుండ్రటి బుడగలు చిక్కుకుంటాయి. ముక్కను కోసి, పాలిష్ చేసి, మైక్రోస్కోపు కింద పెడితే రంధ్రం ఆకారాన్ని బట్టే తప్పు ఏ వైపున జరిగిందో చెప్పొచ్చు. ఒక జాగ్రత్త: జౌళ్ల లెక్క ఒకటే వచ్చినా, ఎక్కువ శక్తి-ఎక్కువ వేగం జోడీ, తక్కువ శక్తి-తక్కువ వేగం జోడీ ఒకే ఫలితం ఇవ్వవు. ఆ సంఖ్య వెతుకులాట మొదలుపెట్టడానికి పనికొస్తుంది, తుది నిర్ణయానికి కాదు.

తర్వాతి చిక్కు వంగిపోవడం. పై పొర చల్లారుతూ కుంచించుకుంటుంది, కింది పొర దాన్ని పట్టి ఆపుతుంది, ఆ లాగుడు ముక్కలో రెసిడ్యువల్ స్ట్రెస్‌గా మిగిలిపోతుంది. అంచు పైకి లేస్తే పొడి పరిచే బ్లేడు దానికి తగిలి మొత్తం బిల్డ్ ఆగిపోతుంది. అందుకే అడ్డంగా వాలిన భాగాలకు, కింది ప్లేటుతో స్థూలంగా 45 డిగ్రీలకంటే తక్కువ కోణమైతే, సపోర్టులు పెడతారు. అవి వేడిని కిందికి తీసుకుపోతాయి, ముక్కను ప్లేటుకు గట్టిగా పట్టి ఉంచుతాయి. ప్లేటు నుంచి కోయకముందే ఆ లాగుడును తగ్గించే స్ట్రెస్ రిలీవ్ హీట్ ట్రీట్‌మెంట్ చేయాలి. ముందే కోస్తే ముక్క అక్కడికక్కడే వంగుతుంది. హీట్ ట్రీట్‌మెంట్‌కు ముందు లోపలి దారుల్లోని పొడి మొత్తం దులిపేయాలి. లేదంటే అది అక్కడే గట్టిపడి దారి మూసుకుపోతుంది. డిజైన్ దశలోనే పొడి బయటికి వచ్చే రంధ్రం పెట్టని పాపం అప్పుడు బయటపడుతుంది.

కాలేజీలో లోహ ప్రింటర్ లేదని ఆగిపోకండి. ఇంగ్లండ్‌లోని బాత్ యూనివర్సిటీలో ఏడ్రియన్ బోయర్ 2005లో మొదలుపెట్టిన రెప్‌రాప్ ప్రింటర్ ప్రాజెక్టు వల్ల, స్కాట్ క్రంప్ కనిపెట్టిన, ప్లాస్టిక్ తీగను కరిగించి పొరలుగా పేర్చే ఎఫ్‌డీఎం పద్ధతి కీలక పేటెంటు గడువు 2009లో ముగియడం వల్ల ప్లాస్టిక్ తీగ ప్రింటర్లు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. బొమ్మలు ప్రింట్ చేయడం మానేసి దానితో రెండు ప్రయోగాలు చేయండి. మొదటిది రంధ్రాల కొలత. 0.4 మి.మీ. నాజిల్, 0.2 మి.మీ. పొరతో 5, 10, 15 మి.మీ. రంధ్రాలున్న పలకలు ఐదు ప్రింట్ చేసి, ప్రతి రంధ్రాన్నీ రెండు దిశల్లో కొలిచి పట్టిక రాయండి. రంధ్రాలు దాదాపు ఎప్పుడూ చిన్నవిగానే వస్తాయి. 3డి ఆకారాన్ని దాచే ఎస్‌టీఎల్ ఫైలు వృత్తాన్ని సరళరేఖల ముక్కలుగా మారుస్తుంది, ఆ రేఖలు వృత్తం లోపలి నుంచి వెళ్తాయి. కరిగిన తీగ కూడా మలుపులో లోపలికి లాగుతుంది. ఫైలు రిజల్యూషన్ పెంచి ఒకసారి, స్లైసర్‌లో (ఆకారాన్ని పొరలుగా విడగొట్టే సాఫ్ట్‌వేర్) సవరణ ఇచ్చి ఒకసారి మళ్లీ ప్రింట్ చేస్తే ఏ కారణం వాటా ఎంతో విడివిడిగా తేలుతుంది.

రెండోది బలం. ఒకే నమూనాను పడుకోబెట్టి ఐదు, నిలబెట్టి ఐదు ప్రింట్ చేసి విరగ్గొట్టండి. నిలబెట్టినవి పొరల మధ్యే విడిపోతాయి, తక్కువ బరువుకే. ల్యాబ్‌లోని టెస్టింగ్ మెషిన్ ఉక్కు కడ్డీల కోసం పెట్టినదైతే ఒకటి రెండు కిలోన్యూటన్లకే తెగే ప్లాస్టిక్‌ను అది నమ్మకంగా కొలవలేదు. అప్పుడు రెండు ఆధారాల మీద పెట్టి, మధ్యలో బరువులు వేలాడదీసి బెండింగ్ పరీక్ష చేయండి.

ప్రింటింగ్ వచ్చినా మెషినింగ్ పోదు. లోహపు ముక్క ప్రింటర్ నుంచి గరుకుగా వస్తుంది. బేరింగ్ కూర్చునే చోటు, సీల్ అయ్యే ముఖం, థ్రెడ్లు అన్నీ మళ్లీ సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే కోత యంత్రం) మీదికే వెళ్లాలి. అందుకోసం ముందే అర మిల్లీమీటరో ఒకటో అదనంగా ఉంచాలి, ముక్కను బిగించే ఫిక్స్చర్ పట్టుకోవడానికి చోటూ ఉంచాలి. కాబట్టి కటింగ్ లెక్కలు నోటికి రావాలి. 10 మి.మీ. వ్యాసమున్న కార్బైడ్ ఎండ్ మిల్ (మిల్లింగ్ టూలు), అల్యూమినియం మీద నిమిషానికి 200 మీటర్ల కటింగ్ స్పీడ్ అనుకుంటే స్పిండిల్ సుమారు 6,370 ఆర్‌పీఎం. మూడు పళ్లు, పంటికి 0.05 మి.మీ. ఫీడ్ అయితే నిమిషానికి 955 మి.మీ. ఇంత వేసినా ముక్క మీద అలల గుర్తులు, కీచుమనే శబ్దం వస్తే ముందు టూలు హోల్డర్ బయటికి ఎంత పొడుచుకొచ్చిందో చూడండి. ఆ పొడవు రెట్టింపైతే వంగుడు ఎనిమిది రెట్లవుతుంది. చాలామంది స్పీడు తగ్గించి సరిపెడతారు, కారణం అలాగే ఉండిపోతుంది.

ఇక సిమ్యులేషన్, డిజిటల్ ట్విన్. రంగుల బొమ్మ చూసి మురిసిపోకండి. 100 మి.మీ. పొడవు, 20 వెడల్పు, 5 మందమున్న ఉక్కు పట్టీని ఒక చివర బిగించి, రెండో చివర 50 న్యూటన్లు వేస్తే చేతి లెక్కలో 0.4 మి.మీ. వంగుతుంది, బిగించిన చోట 60 మెగాపాస్కళ్ల స్ట్రెస్ వస్తుంది. ఫ్రీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇదే నమూనా పెట్టి, మెష్‌ను (భాగాన్ని విభజించే చిన్న గళ్లను) మూడుసార్లు సన్నం చేస్తూ చూడండి. వంగుడు 0.4 దగ్గర స్థిరపడాలి. పదునైన లోపలి మూల ఉన్న భాగంలోనైతే మెష్ సన్నబడేకొద్దీ స్ట్రెస్ పెరుగుతూనే పోతుంది. అది పదార్థం తప్పు కాదు, నమూనాలో మూలను గుండ్రం చేసే రేడియస్ లేకపోవడం. ఈ తేడా చెప్పగలిగితే ఇంటర్వ్యూలో సగం పని అయినట్టే. పదార్థం ఎక్కడ ఉంచాలో, ఎక్కడ తీసేయాలో లెక్కించే టోపాలజీ ఆప్టిమైజేషన్ మీద ఆసక్తి ఉంటే, 1988లో బెండ్‌సో, కికుచి వేసిన దారిలో ఓలే సిగ్మండ్ 2001లో ప్రచురించిన 99 వరుసల మ్యాట్‌ల్యాబ్ ప్రోగ్రాం చదవండి. సాఫ్ట్‌వేర్‌లో బటన్ వెనుక ఏం జరుగుతుందో దాన్ని మించి చిన్నగా చూపించేది దొరకడం కష్టం.

డిజిటల్ ట్విన్ అంటే నిజమైన యంత్రానికి కంప్యూటర్‌లో ఉండే జంట నమూనా. ఆ ఆలోచనను మైకేల్ గ్రీవ్స్ 2002లో ముందుకు తెచ్చారు. యంత్రం నుంచి డేటా వస్తూ ఉండాలి, నమూనా దానితో మారుతూ ఉండాలి. ఆ ప్రవాహం లేకపోతే అది ఉత్త 3డి నమూనా. సాధనకు అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ ఉచితంగా ఉంచిన బేరింగ్ వైబ్రేషన్ డేటా తీసుకోండి. సెకనుకు 12,000 కొలతలున్న రికార్డింగులు, 0 నుంచి 3 హార్స్‌పవర్ లోడ్లు ఉంటాయి. ఇక్కడ దాదాపు అందరూ పడే గుంత ఒకటుంది. ఒకే రికార్డింగును ముక్కలు చేసి, కొన్ని లోపాన్ని గుర్తుపట్టే ఏఐ మోడల్ శిక్షణకు, కొన్ని దాని పరీక్షకు వాడితే కచ్చితత్వం 99 శాతం చూపిస్తుంది. నమ్మొద్దు. మోడల్ గుర్తుపట్టేది ఆ రికార్డింగును, బేరింగ్ లోపాన్ని కాదు. ఒక లోడు మీద నేర్పించి మరో లోడు మీద పరీక్షించండి, అంకె పడిపోతుంది, ఎందుకు పడిందో వెతకడం మొదలవుతుంది. 1,500 ఆర్‌పీఎం షాఫ్టుకు 25 హెర్ట్జ్ దగ్గర వచ్చే శిఖరం ఇంబ్యాలెన్స్‌కు (బరువు ఒకవైపు ఎక్కువ ఉండటం), 50 దగ్గరిది మిస్అలైన్‌మెంట్‌కు (షాఫ్టులు ఒకే వరుసలో లేకపోవడం) సూచన అని తెలిసిన మెకానికల్ విద్యార్థికి ఇక్కడ పట్టు ఉంటుంది. పైథాన్ తప్పనిసరి, కానీ ఈ పనికి కావలసినంతే.

రోబోల గురించి క్లుప్తంగా చెబుతాను. యూనివర్సల్ రోబోట్స్ 2008లో అమ్మకానికి తెచ్చిన కోబోట్ల (మనిషి పక్కనే పనిచేసే రోబోలు) తర్వాత కంచె లేని రోబో పని విస్తరించింది. అయితే రోబో చేయి సురక్షితమైనా, దానికి తగిలించిన, వస్తువును పట్టే గ్రిప్పర్‌కు పదునైన అంచు ఉంటే మొత్తం ఏర్పాటు ప్రమాదకరమే. 2016లో వచ్చిన ఐఎస్‌ఓ 15066 సాంకేతిక నిర్దేశం, రోబో మనిషికి తగిలినప్పుడు మించకూడని బల పరిమితుల గురించే. గ్రిప్పర్, ఫిక్స్చర్ డిజైన్ చేసేవారికి గిరాకీ ఎక్కువ, ఆ పని నేర్చుకునేవారు తక్కువ.

ఎంచుకోవడం ఇలా. ముక్కను చేత్తో పట్టుకుని చూడటం ఇష్టమైతే ప్రింటింగ్-మెషినింగ్ జోడీ. గణితం ఇష్టమైతే సిమ్యులేషన్. కోడింగ్ ఇష్టమై సాఫ్ట్‌వేర్ వైపు మనసు లాగుతుంటే బేరింగ్ డేటా దారి. అది రెండు వైపులా తలుపులు తెరుస్తుంది. మొదటి రెండు నెలలు డ్రాయింగ్, టాలరెన్సులు (కొలతలో అనుమతించే తేడా), మైక్రోమీటర్ వాడకం. వీటిని దాటవేయొద్దు, ఏ దారికైనా ఇవి కావాలి. తర్వాతి ఆరు నెలలు పైన చెప్పిన ప్రయోగాలు. ఆ తర్వాత ఇంటర్న్‌షిప్‌కు వెళ్తే కొత్త యంత్రం ఉన్న చోటికంటే తిరస్కరించిన ముక్కల డబ్బా దగ్గరికి మిమ్మల్ని వెళ్లనిచ్చే చోటును ఎంచుకోండి.

ఇంట్లో ఇంకా సర్టిఫికెట్ కోర్సు అంటుంటే, ఆ సంస్థను మూడు విషయాలు అడగమనండి: ఒక్కో విద్యార్థికి యంత్రం మీద ఎన్ని గంటలు? చేసిన ముక్కను ఏ పరికరంతో కొలిపిస్తారు? చెడిన ముక్క మీద రిపోర్టు రాయిస్తారా? రెజ్యూమెలో కోర్సుల జాబితాకు బదులు ఒకే పేజీ జత చేయండి. ఒక డ్రాయింగ్, కొలతల పట్టిక, చెడిన ముక్క ఫోటో, దాని కింద కారణం నాలుగు వాక్యాల్లో.