చట్టం – మనం: పాఠకుల ప్రశ్నలకు సీనియర్ న్యాయవాది జవాబులు

ప్రశ్న: నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవం. మా హైస్కూల్లో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారి గురించి పిల్లలకు పది నిమిషాలు చెప్పమన్నారు. మన జిల్లా మనిషి అని హెడ్‌మాస్టరు గారు ఆయన పేరే ఎంచారు. పుట్టింది 1922లో, సుప్రీంకోర్టులో పనిచేసింది 1978 నుంచి 1987 దాకా, కాలం చేసింది 2013లో. ఇంతవరకు రాసుకున్నాను. ఇదే చదివితే పిల్లలు ఆవలిస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చెప్పమంటారు?
– ఒక ఉపాధ్యాయురాలు, అనంతపురం జిల్లా

జవాబు: టీచరమ్మా, తేదీలు, పదవులు ఒక్క నిమిషంలో ముగించేయండి. మిగిలిన సమయమంతా బడి నుంచి గెంటేసిన ముగ్గురు పిల్లల సంగతి చెప్పండి. ఒక జడ్జిగారిని తలుచుకోవడమంటే ఆయన ఎవరి గోడు విన్నారో తలుచుకోవడమేనని నేను గట్టిగా నమ్ముతాను.

అది 1985, కేరళ. అన్న బిజో ఇమ్మాన్యుయేల్ పదో తరగతి, ఒక చెల్లెలు తొమ్మిది, చిన్నమ్మాయి ఐదు. వాళ్ళు యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ వాళ్ళు. పొద్దున ప్రార్థనలో జనగణమన మొదలవగానే అందరితో పాటే మర్యాదగా లేచి నిలబడేవాళ్ళు. పాడేవాళ్ళు మాత్రం కాదు. తమ దేవుడికి చేసే ప్రార్థన తప్ప మరే ఆరాధనలోనూ పాలుపంచుకోకూడదన్నది వాళ్ళ విశ్వాసం. అప్పటిదాకా ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ జులైలో ఒక ఎమ్మెల్యే కంట పడింది, అసెంబ్లీలో ప్రశ్న లేచింది, విచారణ జరిపారు. పిల్లలు బుద్ధిమంతులే, జాతీయ గీతాన్ని అగౌరవపరచలేదు అని ఆ విచారణలోనే తేలింది. అయినా పైఅధికారి చెప్పారని హెడ్‌మిస్ట్రెస్ జులై 26 నుంచి ముగ్గురినీ రావద్దన్నారు. ప్రభుత్వ ఉత్తర్వు వచ్చేదాకానైనా కూర్చోనివ్వండని తండ్రి అడిగితే, కుదరదన్నారు. హైకోర్టులోనూ ఓడిపోయారు.

ఇక్కడ ఆగి, మీరైతే ఏం తీర్పు చెబుతారని మీ పిల్లల్నే అడగండి. చేతులెత్తమనండి. వాదించుకోనివ్వండి. ఆ తర్వాతే అసలు తీర్పు చెప్పండి.

1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టులో చిన్నపరెడ్డి గారు, జస్టిస్ ఎం.ఎం. దత్ కలిసి ఆ పిల్లల్ని తిరిగి బడిలో చేర్చుకోమన్నారు. తీర్పు రాసింది చిన్నపరెడ్డి గారు. అందులోని తర్కం మీ ఎనిమిదో తరగతి వాళ్ళకు కూడా అర్థమవుతుంది. 1971 నాటి చట్టం ప్రకారం, జాతీయ గీతం పాడేవాళ్ళని కావాలని అడ్డుకున్నా, పాడుతున్న చోట అల్లరి చేసినా నేరం. ఈ పిల్లలు ఆ రెండూ చేయలేదు. ప్రతి ఒక్కరూ నోరు తెరిచి పాడి తీరాలని ఏ చట్టంలోనూ లేదు. బడిలో అందరూ పాడాలన్న విద్యాశాఖ సర్క్యులర్లకు చట్టబలం లేదు. పౌరుడి ప్రాథమిక హక్కుకు హద్దు పెట్టాలంటే చట్టమే ఉండాలి, ఆఫీసు కాగితం చాలదు. చివరి మాటలు బోర్డు మీద రాయించండి: మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుంది, మన తత్వం సహనాన్ని బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది. దాన్ని మనం పలచన చేయవద్దు.

పెద్ద తరగతులకైతే రణధీర్ సింగ్ కేసు కూడా చెప్పొచ్చు. ఆయన ఢిల్లీ పోలీసు శాఖలో డ్రైవర్ కానిస్టేబుల్. మెట్రిక్ పాసవని పోలీసు డ్రైవర్ స్కేలు 210–270 రూపాయలు. రైల్వే రక్షక దళం డ్రైవర్‌కేమో 260–400. పని అదే, శాఖ వేరు. ఆ రైల్వే స్కేలే ఇవ్వమని 1982లో చిన్నపరెడ్డి గారు తీర్పిచ్చారు. చేసే పనితో, అందే జీతంతో సంబంధం లేకపోతే సమానత్వం అన్న మాట కోట్లమందికి దేనికీ కొరగాదన్నారు. నేను లేబర్ కేసులు వాదించే రోజుల్లో ఈ తీర్పు జిరాక్సు మా ఆఫీసులో మడతల దగ్గర చిరిగిపోయేదాకా తిరిగింది. దినకూలీ మీద ఏళ్ళ తరబడి మగ్గుతున్నవాళ్ళు దాన్ని చేతిలో పట్టుకుని వచ్చేవాళ్ళు.

ప్రశ్న: ఆయన తీర్పుల్లో నిలవనివి కూడా ఉన్నాయంటారు. పిల్లల ముందు అవి చెప్పాలా?
– అదే ఉపాధ్యాయురాలు

జవాబు: తప్పకుండా చెప్పండి, ఆయన గౌరవం ఏమీ తగ్గదు. 1983లో వతీశ్వరన్ కేసులో, ఉరిశిక్ష పడ్డాక రెండేళ్ళకు మించి అమలు కాకపోతే దాన్ని యావజ్జీవంగా మార్చమని అడిగే హక్కు ఖైదీకి ఉందన్నారు. ఆ రెండేళ్ళ గడువును తర్వాత పెద్ద ధర్మాసనం ఒప్పుకోలేదు. కానీ 2014లో, ఆయన పోయిన మరుసటి ఏడాది, క్షమాభిక్ష పిటిషన్ల మీద ఏళ్ళ తరబడి తేల్చకపోవడం శిక్ష తగ్గించడానికి కారణమవుతుందని సుప్రీంకోర్టు చెప్పి, పదిహేను మంది శిక్షను మార్చింది, వాళ్ళలో ఎక్కువమందికి ఈ జాప్యం కారణంగానే. ఉరికంబం నీడలో రోజులు లెక్కపెట్టుకునే మనిషి యాతనను ఆయన ముప్పై ఏళ్ళ ముందే పట్టించుకున్నారు. అందుకు ఆయనంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

పిల్లల కేసు తీర్పు సుప్రీంకోర్టు వారి తీర్పుల సైటు ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితంగా దొరుకుతుంది. బిజో ఇమ్మాన్యుయేల్ అని వెతకండి. మొదటి రెండు పేజీలు మీరే తెలుగులో చదివి వినిపించండి.