రెజిన్ పొడి కన్నా ఆ చిన్న మాత్రలే నన్ను ఎక్కువ కలవరపెడుతున్నాయి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. పాలకొల్లు దగ్గర ఫ్లెక్సీలు, స్టిక్కర్లు వేసే స్క్రీన్ ప్రింటింగ్ యూనిట్‌లో ఏడేళ్లుగా పనిచేస్తున్నాను. సిరా కోసం వినైల్ కోపాలిమర్ రెజిన్ పొడి 25 కిలోల బస్తాల్లో వస్తుంది, దాన్ని థిన్నర్‌లో నేనే కలుపుతాను. ఈ పొడితో కాలేయ క్యాన్సర్ వస్తుందని ఫోన్‌లో చదివాను, నిజమేనా? రోజూ పాలు, బెల్లం తీసుకుంటే లోపలి విషం పోతుందా? ఏ మాస్కు కొనాలి? ఆరేడు నెలలుగా రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు ఉన్నాయి గానీ మెడికల్ షాపులో ఇచ్చే చిన్న తెల్ల మాత్ర వేసుకుంటే తగ్గిపోతోంది, ఆకలి పెరిగి ఒళ్లు కూడా చేశాను. పాదాల్లో కాస్త తిమ్మిర్లు ఉన్నాయి. ఖాళీ బస్తాలను ఇంట్లో ధాన్యానికి వాడుకోవచ్చా? – ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: మీరు అడిగిన ప్రశ్నలకన్నా, అడగకుండా మధ్యలో రాసేసిన ఆ తెల్ల మాత్ర దగ్గరే నేను ఆగిపోయాను. మాత్ర పేరు రాయలేదు కాబట్టి అది ఫలానాదేనని చెప్పలేను. అయితే దగ్గు, పిల్లికూతలు దానితో తగ్గిపోవడం, ఆకలి పెరగడం, ఒళ్లు చేయడం కలిపి చూస్తే అది ప్రెడ్నిసోలోన్, డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ అయి ఉండవచ్చునన్న అనుమానం ఏ వైద్యుడికైనా కలుగుతుంది. మీరు ఆరోగ్యం కుదుటపడిందని అనుకుంటున్న ఆ ఒళ్లు చేయడం నిజానికి ఆ మందు చేసే చెరుపులో భాగం కావచ్చు. నెలల తరబడి వాడితే అది రక్తంలో చక్కెరను, రక్తపోటును పెంచుతుంది, ఎముకలను గుల్ల చేస్తుంది, కంట్లో శుక్లాలు తెస్తుంది. అన్నిటికన్నా నాకు భయం కలిగించేది, లోపల క్షయ ఉంటే శరీరానికున్న రోగనిరోధక శక్తిని తగ్గించి అది ముదిరేలా చేయడం. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా సరే కళ్లె పరీక్ష చేయించాలన్నది మన దేశంలో క్షయ నివారణ కార్యక్రమం పాటిస్తున్న నియమం, ఆ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మీది రెండు వారాలు కాదు, ఆరేడు నెలలు. ఇన్నాళ్లు ఊరుకోవలసింది కాదు.

దయచేసి ఇది చదివిన వెంటనే ఆ మాత్రను మాత్రం ఆపేయకండి. అది నిజంగా స్టెరాయిడే అయితే, మూత్రపిండాలపై ఉండే అడ్రినల్ గ్రంథులు ఇన్ని నెలల్లో తమ పని తాము చేయడం మానేసి ఉండవచ్చు, ఒక్కసారిగా మందు ఆగితే వాంతులు, విపరీతమైన నీరసం, రక్తపోటు పడిపోవడం వంటివి వచ్చి ప్రాణం మీదకు రావచ్చు. ఖాళీ అయిన మాత్రల అట్టలు పారేయకుండా తీసుకుని ఈ వారంలోనే ఊపిరితిత్తుల నిపుణుడినిగానీ జనరల్ ఫిజీషియన్‌నుగానీ కలవండి, మోతాదును వారాల మీద ఎలా తగ్గించాలో వారు నిర్ణయిస్తారు. మన డెల్టా పల్లెల్లో దగ్గుకు, మోకాళ్ల నొప్పులకు, చివరికి జ్వరానికి కూడా చీటీ లేకుండా ఇలాంటి మాత్రలు, ఇంజెక్షన్లు తీసుకునేవారిని నేను వారానికి పదిమందినైనా చూస్తున్నాను. ఇచ్చినవారి ఉద్దేశం మంచిదే కావచ్చు, అయినా ఉపశమనం కలిగిన ఆ ఆరు నెలలూ జబ్బును గుర్తించే సమయం పోతోంది.

ఇక దగ్గు సంగతి. క్షయ లేదని తేలితే, నేను మొదట అనుమానించేది పని వల్ల వచ్చే ఉబ్బసాన్ని. మీరే గమనించండి: ఆదివారాల్లో, సంక్రాంతికి నాలుగు రోజులు యూనిట్ మూసినప్పుడు రాత్రి దగ్గు తగ్గిందా, పనిలోకి వెళ్లిన ఒకటి రెండు రోజులకు మళ్లీ మొదలైందా? అవును అయితే ఆ సంగతి వైద్యుడికి తప్పక చెప్పండి, ఎందుకంటే ఏం పని చేస్తారని మేము అడగడం మరచిపోయే సందర్భాలూ ఉన్నాయి. ఊపిరిని ఎంత వేగంగా వదలగలరో కొలిచే, మందుల దుకాణాల్లో తక్కువ ఖరీదుకే దొరికే పీక్ ఫ్లో మీటర్‌తో రోజుకు నాలుగుసార్లు, పని ఉన్న రోజుల్లోనూ సెలవు రోజుల్లోనూ, కనీసం రెండు మూడు వారాలపాటు ఊది అంకెలు రాసిపెడితే, స్పైరోమెట్రీ అనే ఊపిరితిత్తుల పనితీరు పరీక్షతో పాటు అదే మాకు గట్టి ఆధారం. ఈ రకం ఉబ్బసంలో కారణానికి ఎంత త్వరగా దూరమైతే కోలుకునే అవకాశం అంత ఎక్కువ, ఏళ్లు గడిచాక పని మానేసినా కొందరికి అది నిలిచిపోతుంది.

ఉబ్బసానికి కారణం పొడి ఒక్కటే కాకపోవచ్చు. మీ యూనిట్‌లో ఫ్లెక్సీ ముక్కలను వేడి గాలి యంత్రంతో అతికిస్తారేమో, స్టిక్కర్లకు హీట్ గన్ వాడతారేమో మీరు రాయలేదు. వినైల్ క్లోరైడ్ ఉన్న ఏ ప్లాస్టిక్ అయినా బాగా కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది, అది గొంతులోని తేమతో కలిసి ఆమ్లమై కళ్లను, శ్వాసనాళాలను మండిస్తుంది. 1970లలో అమెరికాలో మాంసం దుకాణాల సిబ్బంది పలుచని పీవీసీ (వినైల్ ప్లాస్టిక్) ఫిల్మును వేడి తీగతో కోస్తూ ఆ పొగ పీల్చి ఉబ్బసం తెచ్చుకున్నారు, వైద్య గ్రంథాల్లో దానికి మాంసం చుట్టేవారి ఉబ్బసం అనే పేరే ఉంది. వారు ముట్టుకున్నది పొడి కాదు, కాలిన ఫిల్ము పొగ.

క్యాన్సర్ గురించి మీరు చదివినదానిలో నిజం ఉంది గానీ అది మీ బస్తాలోని పొడి గురించి కాదు. ఈ రెజిన్‌ను ఎక్కువగా వినైల్ క్లోరైడ్, వినైల్ అసిటేట్ అనే రెండు ముడి రసాయనాలను గొలుసులా కలిపి తయారు చేస్తారు. అందులో వినైల్ క్లోరైడ్ సున్నాకు 13 డిగ్రీల దిగువనే ఆవిరయ్యే వాయువు, మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని నిర్ధారణ అయిన మొదటి వర్గంలో ఉంది. 1974లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రం లూయివిల్‌లో, దీనితో రెజిన్ తయారుచేసే కర్మాగారంలో పనిచేసిన కార్మికులకు కాలేయ రక్తనాళాల్లో పుట్టే అరుదైన క్యాన్సర్ వచ్చినట్లు వెల్లడైంది. అంతకుముందు గాలిలో పది లక్షల వంతుల్లో 500 వంతుల వరకు అనుమతించిన ఆ దేశం, ఎనిమిది గంటల పనికి సగటు పరిమితిని ఒక్క వంతుకు దించేసింది. ఆ వాయువు గొలుసుగా మారిపోయాక మిగిలే రెజిన్‌లో అది ఉండేది అతి స్వల్పం. 2020 మే 7న విశాఖలో ప్రాణాలు తీసింది కూడా ముడి స్టైరీన్ ఆవిరే, దానితో తయారైన ప్లాస్టిక్ కాదు. కాబట్టి ఇప్పుడు ఫోన్‌లో చూసి కాలేయ పరీక్షలన్నీ సొంతంగా చేయించుకోవలసిన అవసరం నాకు కనిపించడం లేదు, మిమ్మల్ని చూసిన వైద్యుడు అవసరమనుకుంటే రాస్తారు. పొడి పూర్తిగా నిరపాయమని దీని అర్థం కాదు. సన్నని వినైల్ ధూళిని ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది, అందువల్ల ఛాతీ ఎక్స్‌రే తీయించడం మంచిది.

తిమ్మిర్లను మీరు చివర్లో ఒక్క మాటలో తేల్చేశారు, నేను తేల్చలేను. స్టెరాయిడ్ వల్ల చక్కెర పెరిగిందేమో, బి12 లోపం ఉందేమో ముందు చూడాలి. ఆ తర్వాత థిన్నర్. ఈ రెజిన్‌ను కరిగించడానికి మిథైల్ ఇథైల్ కీటోన్, అసిటోన్, టోలుయిన్ వంటివి వాడతారు, విడిగా డబ్బాల్లో అమ్మే థిన్నర్‌లో ఏయే ద్రావకాలు ఉన్నాయో చీటీ ఉండదు. అందులో నార్మల్ హెక్సేన్ ఉంటే అది కాళ్లూ చేతుల నరాలను దెబ్బతీస్తుంది, మిథైల్ ఇథైల్ కీటోన్ తోడైతే ఆ చెరుపు మరింత పెరుగుతుంది. ఈ రంగంలో చాలామంది చేతికంటిన సిరాను థిన్నర్‌తోనే కడుక్కుంటారు. మీరూ అలా చేస్తుంటే ఈ రోజే మానేయండి, ఎందుకంటే అది చర్మంలోని నూనెను తీసేసి పగుళ్లు తెస్తుంది, కొంత చర్మం గుండా లోపలికీ వెళుతుంది. సబ్బు, గోరువెచ్చని నీరు, మొండికేస్తే కాస్త కొబ్బరినూనె చాలు. యూనిట్‌లో గర్భిణులెవరైనా పనిచేస్తుంటే టోలుయిన్ వాడే గదిలోకి వారిని రానివ్వవద్దని మీ యజమానికి నా మాటగా చెప్పండి.

థిన్నర్ ఆవిరి గాలికన్నా బరువైనది. నేల మీద పాకుతూ పక్క గదిలోని టీ పొయ్యి వరకు వెళ్లి అంటుకోగలదు. అసిటోన్ ఆవిరి సున్నాకు 20 డిగ్రీల దిగువన కూడా నిప్పందుకుంటుంది, అలాంటప్పుడు రేకుల షెడ్డులో మే నెల ఎండకు పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోండి. బస్తాను ఎత్తి ఒక్కసారిగా డ్రమ్ములో కుమ్మరిస్తే పొడి రాపిడికి పుట్టే స్థిర విద్యుత్ రవ్వ ఒక్కటి చాలు. కాబట్టి ఇనుప డ్రమ్ముకు ఎర్త్ తీగ కట్టి, పొడిని చేటతోనో గరిటెతోనో కొద్దికొద్దిగా వేయాలి, కింద పడినదాన్ని కంప్రెసర్ గాలితో ఊదకుండా తడి గుడ్డతో ఎత్తాలి, ఆవిరిని బయటికి లాగే ఫ్యాను నేలకు దగ్గరగా ఉండాలి. ఏసీ కోసమని తలుపులన్నీ మూసి సిరా కలపడం ఎంతమాత్రం తగదు.

మాస్కు విషయానికి వస్తే, ఎన్95 పొడిని ఆపుతుంది, థిన్నర్ ఆవిరిని ఆపదు. ఆవిరికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (ద్రావకాల ఆవిరిని పట్టి ఉంచే డబ్బీ) బిగించే రబ్బరు మాస్కు కావాలి, గడ్డం ఉంటే అది ముఖానికి సరిగా అంటదు, వాసన తగిలిందంటే కార్ట్రిడ్జ్ పని అయిపోయినట్టే. ఉబ్బసం ఉందని తేలితే మాత్రం ఏ మాస్కు మీదా భారం వేసి ఆ పని కొనసాగించవద్దు, కలిపే పనినుంచి వేరే పనికి మార్చమని అడగడానికి వైద్యుడు ధ్రువపత్రం ఇవ్వగలరు. పాలు, బెల్లం ఆహారంగా మంచివే, చక్కెర పరీక్ష అయ్యేదాకా బెల్లం తగ్గించండి. ఊపిరితిత్తుల్లో చేరినదాన్ని అవి కడగవు.

ఒక్కో రసాయనానికి తయారీదారు ఇచ్చే భద్రతా వివరాల పత్రం ఉంటుంది, 16 భాగాలతో ఉంటుంది. రెజిన్‌కు, థిన్నర్‌కు విడివిడిగా డీలరును అడిగి తీసుకుని వైద్యుడి దగ్గరకు వెంట తీసుకెళ్లండి, పరీక్షలు రాయడానికి మాకు అది ఎంతో ఉపయోగం. థిన్నర్ కంట్లో పడితే 15 నుంచి 20 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి ఆసుపత్రికి రావాలి. పొరపాటున ఎవరైనా మింగితే వాంతి చేయించకూడదు, పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి వెళితే ఎక్కువ ప్రమాదం, వెంటనే 108కు ఫోన్ చేయండి. కాలిన వినైల్ పొగ బాగా పీల్చినవారు అప్పటికి బాగానే కనిపించినా కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు, అందుకని ఒక రోజైనా ఆసుపత్రి పరిశీలనలో ఉంచాలి.

బస్తాలను ధాన్యానికిగానీ, విత్తనాలకుగానీ, పశువుల దాణాకుగానీ వాడకండి, ఎంత దులిపినా కుట్ల మధ్య పొడి మిగులుతుంది. వాటిని, కత్తిరించగా మిగిలిన వినైల్ ముక్కలను నీళ్ల కాగు కింద మంటకు వాడే ఇళ్లను నేను చూశాను, భోగి మంటల్లో పాత ఫ్లెక్సీలు పడేయడమూ చూశాను. మరునాడు ఆ వీధి పిల్లలు ఆయాసంతో మా దగ్గరకు వస్తారు. బస్తాలను డీలరుకే తిప్పి ఇవ్వండి, వినైల్ ముక్కలను పొడిచెత్తతో పంచాయతీ బండికి వేయండి. మీ ఇంట్లో ఎవరికైనా దగ్గు ఉంటే, కళ్లె పరీక్షకు వారిని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి.

(ఈ సలహా రోగిని చూడకుండా, రాసిన వివరాలను బట్టి ఇచ్చినది. నేరుగా పరీక్షించిన వైద్యుడి నిర్ణయమే పాటించాలి.)