చిన్న వాకిలికి ఎంత వెలుగు కావాలి? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇంటి ముందరి చిన్న ఖాళీ స్థలంలోను, పెరట్లోను దీపాలు అమర్చుకోవడం గురించి పాఠకులు పంపిన లేఖల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మాది 200 గజాల స్థలంలో తూర్పు ముఖంగా కట్టిన ఇల్లు. ముందు ముప్పై అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల లోతున ఖాళీ స్థలం ఉంది. గేటు పక్కన కొబ్బరి చెట్టు, ప్రహరీ గోడ వెంట నందివర్ధనం, మూలన పారిజాతం, మధ్యలో తులసి కోట ఉన్నాయి. పిట్టగోడ మీద 50 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్ లైట్లు రెండు పెట్టించాము. గేటు తీసుకుని వచ్చేవారికి కళ్ళు జిగేలుమని మెట్లు కనిపించడం లేదు. కొబ్బరి చెట్టు చాటంతా చీకటిగానే ఉంటోంది. ఎదురింటివారు తమ పడకగదిలోకి వెలుగు పడుతోందని అంటున్నారు. ఇంకా పెద్ద లైటు పెట్టించాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దమ్మా. మీ వాకిట్లో వెలుగు ఎక్కువైనందువల్లే మెట్లు కనిపించడం లేదు. చూపు పరిధిలో అన్నిటికన్నా ప్రకాశంగా ఉన్న వస్తువును బట్టి కంటిపాప ముడుచుకుంటుంది. పిట్టగోడ మీది ఫ్లడ్ లైటు నేరుగా కంటబడినప్పుడు కన్ను దానికి సర్దుకుంటుంది కాబట్టి, మెట్ల మీద పడిన మామూలు వెలుగు కూడా చీకటిగానే తోస్తుంది. 50 వాట్ల ఎల్‌ఈడీ ఒక్కొక్కటి సుమారు నాలుగున్నర వేల ల్యూమెన్ల కాంతి ఇస్తుంది (దీపం ఇచ్చే మొత్తం కాంతికి కొలత ల్యూమెన్). అంటే ముప్పై అడుగుల వాకిట్లో మీరు తొమ్మిది వేల ల్యూమెన్లు కుమ్మరిస్తున్నారు. అందులో చాలా భాగం ఎదురింటి కిటికీకీ ఆకాశానికీ పోతోంది.

నేను ఎవరికైనా మొదట చెప్పేది ఒక్కటే: వెలుగు కనిపించాలి గాని దీపం కనిపించకూడదు. ఆ ఫ్లడ్ లైట్లు రెండింటినీ తీయించండి. గేటు స్తంభాలకు, నడుము ఎత్తున, కాంతి కిందికి మాత్రమే పడేలా మూత ఉన్న దీపాలను ఒక్కొక్కటి 200 ల్యూమెన్లకు మించకుండా బిగించండి. మెట్ల పక్క గోడలో, పాదాల ఎత్తున, 60 ల్యూమెన్ల చిన్న దీపాలు రెండు చాలు. మెట్టు అంచు నీడ స్పష్టంగా తెలిస్తే పెద్దవారు తడబడరు. మెట్టు మొత్తం వెలిగిపోనక్కరలేదు.

కొబ్బరి చెట్టుకు ఒకే ఒక దీపం, మొదలుకు అడుగున్నర దూరంలో, ఇంటి వైపు నేలలో పాతించి పైకి తిప్పండి. దీపం కొనేటప్పుడు కాంతి ఎన్ని డిగ్రీల కోణంలో విచ్చుకుంటుందో అడగండి. 15 డిగ్రీలది అయితే ముప్పై అడుగుల పైన కూడా ఎనిమిది, తొమ్మిది అడుగుల వెడల్పుకు మించి పరుచుకోదు. అందువల్ల మాను పొడవునా పాకి మట్టల అడుగును తాకుతుంది. 60 డిగ్రీలది పెడితే సగం కాంతి వీధిలోకి పోతుంది. మట్టలు, కాయలు రాలే చోటు కాబట్టి ప్లాస్టిక్ దీపం కొనకండి. పోత అల్యూమినియంది కొనండి. పైకి తిరిగిన దీపం ఎంత జాగ్రత్తగా పెట్టినా కొంత ఆకాశంలోకి పోక తప్పదు గనుక, రాత్రి పదింటికి అది ఆరిపోయేలా టైమర్ పెట్టించండి.

నందివర్ధనం పూలు తెల్లనివి. తెలుపు ఉన్న చోట కొద్దిపాటి వెలుగే రెట్టింపుగా కనిపిస్తుంది కాబట్టి గోడ వెంట 200 ల్యూమెన్లవి రెండు సరిపోతాయి. పారిజాతాన్ని మాత్రం వదిలేయమని నా సలహా. అది రాత్రి పూసి తెల్లవారేసరికి రాల్చే చెట్టు. చీకట్లో వాసన బట్టి దాన్ని గుర్తుపట్టడంలోనే ఆనందం ఉంది. తులసి కోట దగ్గర కూడా కరెంటు దీపం పెట్టకండి. నూనె దీపపు వెలుగు రంగును కొలిస్తే దాదాపు 1900 కెల్విన్లు వస్తుంది; ఈ అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపుగా, పెరిగేకొద్దీ తెల్లగా ఉంటుంది. పక్కనే 6500 కెల్విన్ల తెల్లటి ఎల్‌ఈడీ ఉంటే ఆ జ్యోతి వెలవెలబోతుంది. మిగతా దీపాలన్నీ 2700 నుంచి 3000 కెల్విన్ల లోపు, దుకాణంలో వార్మ్ వైట్ అని అడిగేవి, తీసుకుంటే కార్తీక మాసంలో మీరు వెలిగించే దీపాలతో అవి కలిసిపోతాయి.

ఇవన్నీ కలిపితే పదిహేను పదహారు వాట్లు. రోజుకు ఆరు గంటలు వెలిగితే నెలకు మూడు యూనిట్లు కూడా కాదు. ఇప్పుడు ఆ రెండు ఫ్లడ్ లైట్లకే పద్దెనిమిది యూనిట్లు కాలుతున్నాయి.

తీగ లాగించక ముందు ఒక పని చేయండి. అమావాస్య దగ్గరి రాత్రి ఒకటి చూసుకుని, ఇంట్లో ఒకరు చిన్న టార్చిలైటును నేను చెప్పిన చోట్ల ఒక్కొక్కచోట పట్టుకోగా, మరొకరు గేటు దగ్గర, వరండాలో, ఎదురింటి వాకిట్లో నిలబడి చూడండి. టార్చి బల్బు కంటికి గుచ్చుకున్న ప్రతి చోటునూ మార్చండి. ఎలక్ట్రీషియన్ వచ్చేసరికి సుద్దముక్కతో గుర్తులు పెట్టి ఉంటే ఆయనకూ సులువు.

ప్రశ్న: పెరట్లో నడకదారి వెంట 6 వాట్లవి, 12 వోల్టుల దీపాలు పది బిగించుకున్నాము. దారి పొడవు 20 మీటర్లు. ట్రాన్స్‌ఫార్మర్ ఒక చివర ఉంది, తీగ 1 చదరపు మిల్లీమీటరుది. మొదటి దీపాలు బాగానే ఉన్నాయి, చివరి మూడు మసకగా వెలుగుతున్నాయి. అవి మార్చినా అంతే. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: లోపం దీపాల్లో లేదు, తీగలో ఉంది. 12 వోల్టుల పద్ధతి తాకినా ప్రమాదం లేనిదే గాని, అంత తక్కువ వోల్టేజీతో 60 వాట్లు లాగాలంటే 5 ఆంపియర్లు ప్రవహించాలి. మీ సన్నని తీగకు కిలోమీటరుకు దాదాపు 19.5 ఓముల నిరోధం ఉంటుంది. వెళ్ళే తీగ, తిరిగి వచ్చే తీగ కలిపి 40 మీటర్లు కాబట్టి 0.78 ఓములు. దీపాలన్నీ చివరే ఉంటే దాదాపు 4 వోల్టులు దారిలోనే పోయేవి. మీవి దారి పొడవునా పంచి ఉన్నాయి కనుక అందులో సగానికి కాస్త పైన, అంటే 2 వోల్టులకు పైగా పోయి, చివరి దీపానికి పది వోల్టులకు దరిదాపుల్లో మాత్రమే చేరుతోంది.

పైసా ఖర్చు లేని దారి ముందు చూడండి. వీలైతే ట్రాన్స్‌ఫార్మర్‌ను నడకదారి మధ్యకు జరిపి, చెరో వైపు ఐదేసి దీపాలు వెళ్ళేలా కలపండి. కరెంటూ సగమవుతుంది, దూరమూ సగమవుతుంది. కాబట్టి పోయే వోల్టేజీ సుమారు నాలుగో వంతుకు దిగుతుంది. అలా కుదరకపోతే తీగను 2.5 చదరపు మిల్లీమీటర్లకు మార్చండి. కొత్తగా మొదలుపెట్టేవారికైతే నేను 24 వోల్టుల దీపాలే తీసుకోమంటాను. అదే వాట్లకు కరెంటు సగమే కాబట్టి చిన్న పెరటికి ఈ బాధ దాదాపు రాదు. ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం కూడా చూసుకోండి: 60 వాట్ల దీపాలకు 75 వాట్లది ఉండాలి.

ఇంకొక అనుమానం కూడా ఉంది. మట్టిలోని జాయింట్లకు తీగ మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంటే, ఒక వానాకాలం గడిచేసరికి రాగి పచ్చబడి అక్కడా వోల్టేజీ పోతుంది. ప్రతి జాయింటునూ నేలకు ఎత్తుగా, నీరు చొరని చిన్న డబ్బాలోకి తేవడం మంచిది.

ప్రశ్న: నిరుడు కార్తీకంలో మా కుండీల్లో చామంతులు విరగబూశాయి. ఈ ఏడు పెరటి గోడకు రాత్రంతా వెలిగే దీపం పెట్టాము. మొక్కలు ఏపుగా ఉన్నాయి గాని ఒక్క మొగ్గ లేదు. దీపానికీ దీనికీ సంబంధం ఉందా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఉంది, చాలా దగ్గరి సంబంధం ఉంది. చామంతి రాత్రి పొడవును లెక్కించుకుని పూసే మొక్క. పగళ్ళు కురచనై ఎడతెగని దీర్ఘమైన చీకటి రోజూ దొరికినప్పుడే అది ఆకులు వేయడం మాని మొగ్గ తొడుగుతుంది. మధ్యలో వెలుగు పడితే, మొక్క దృష్టిలో ఆ రాత్రి తెగిపోయినట్టే. అది ఇంకా వేసవే అనుకుని పెరుగుతూ పోతుంది. చామంతి సాగు చేసేవారు ఈ గుణాన్ని ఆధారం చేసుకునే, పూతను ఆలస్యం చేసి మంచి ధర ఉన్న రోజులకు తేవడానికి తోటల్లో రాత్రిపూట బల్బులు వెలిగిస్తారు. వారు కావాలని చేసేది మీ పెరట్లో తెలియకుండా జరిగింది.

దీపాన్ని పసుపు రంగుదానికి మార్చితే సరిపోతుందని కొందరు చెబుతారు. ఈ విషయంలో అది నిజం కాదు. రాత్రిని కొలిచే వర్ణకం ముఖ్యంగా ఎర్రని కాంతికే స్పందిస్తుంది, అది వెచ్చని రంగు దీపాల్లో దండిగా ఉంటుంది. కుండీలే కాబట్టి, దీపపు వెలుగు అసలు సోకని వైపుకు వాటిని జరపండి. లేదా మనిషి కదిలితేనే వెలిగి నిమిషంలో ఆరిపోయే సెన్సరు దీపం బిగించి, కుండీల వైపు చిన్న రేకు అడ్డం పెట్టండి. చీకటి సరిగా దొరకడం మొదలైన తరువాత పూలు విచ్చుకోవడానికి రకాన్ని బట్టి ఆరు నుంచి పది వారాలు పడుతుంది కనుక, సంక్రాంతి నాటికి పూలు చూడాలంటే ఆలస్యం చేయకండి. ఎర్రాకుల పాయిన్‌సెట్టియా ఉన్నవారికీ ఇదే వర్తిస్తుంది.

ప్రశ్న: తొలకరి పడగానే వరండా దీపం చుట్టూ ఉసిళ్ళు ముసురుకుని అన్నం తినేచోట కూడా రాలుతున్నాయి. ఏ దీపం పెడితే రావు?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: అసలే రాని దీపం లేదు. పురుగులు నీలి కాంతికి, కంటికి కనిపించని అతినీలలోహిత కాంతికి ఎక్కువగా ఆకర్షితమవుతాయి గనుక తెల్లని దీపం తీసి పసుపు ఛాయ దీపం పెడితే తగ్గుతాయి. గుమ్మం పైన ఉన్నదాన్ని మార్చి, గుమ్మానికి పది అడుగుల అవతల, కిందికి తిరిగినట్టు అమర్చండి. చెదల రెక్కల పురుగులైన ఉసిళ్ళ దండు ఒక్కొక్కసారి కొద్ది సేపే ఉంటుంది. ఆ సేపు ఆర్పివేయడమే అన్నిటికన్నా తేలిక.

ప్రశ్న: కొత్తగా కట్టిన ప్రహరీ గోడ కింద వరుసగా దీపాలు పెట్టించాము. పగలు నున్నగా ఉన్న గోడ రాత్రి గుంతలు గుంతలుగా కనిపిస్తోంది. మేస్త్రీని పిలిచి మళ్ళీ ప్లాస్టరింగ్ చేయించాలా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మేస్త్రీని పిలవకండి, దీపాలను జరపండి. గోడకు ఆరంగుళాల దూరంలో నుంచి పైకి వెళ్ళే కాంతి గోడను రాసుకుంటూ పోతుంది, అప్పుడు అర మిల్లీమీటరు ఉబ్బుకు కూడా పొడవాటి నీడ పడుతుంది. ఎంత మంచి పనివాడు మట్టం చేసిన గోడ అయినా ఆ పరీక్షకు నిలవదు. మూడడుగుల దూరం జరిపి, గోడకు ఏటవాలుగా తిప్పితే నీడలు చెదిరిపోయి గోడ నున్నగా పరుచుకున్నట్టు అవుతుంది. అలా జరిపే చోటు లేకపోతే గోడ ముందు పొదలు నాటి, దీపాన్ని ఆకుల మీదికి తిప్పండి. గరుకు రాయితో కట్టిన గోడ ఉన్నవారు మాత్రం దీపాన్ని ఆ ఆరంగుళాల దూరంలోనే ఉంచుకోవాలి. రాతి అందమంతా ఆ నీడల్లోనే ఉంది.

ప్రశ్న: మా ఇల్లు సముద్రానికి రెండు వందల గజాల దూరంలో ఉంది. ఏడాది తిరగకుండానే తోట దీపాలు తుప్పు పట్టాయి. వాన పడినప్పుడల్లా, కరెంటు నేలలోకి కారితే సరఫరాను ఆపేసే రక్షణ స్విచ్చు అయిన ఆర్‌సీసీబీ పడిపోతోంది. దాన్ని తప్పించి నేరుగా కలిపేస్తానని ఎలక్ట్రీషియన్ అంటున్నారు. ఒప్పుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, భీమునిపట్నం

జవాబు: ఎంతమాత్రం ఒప్పుకోవద్దు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పడిపోతోందంటే, తడి నేలలోకి కరెంటు పోతోందని అది మీకు చెబుతోంది. దాన్ని తప్పిస్తే కరెంటు పోవడం ఆగదు, మీకు తెలియడమే ఆగుతుంది. పిల్లలు ఉత్త కాళ్ళతో తిరిగే తడి గడ్డిలో అది ప్రాణం మీదికి వస్తుంది. తోట సర్క్యూట్‌ను మిగతా ఇంటి నుంచి విడదీసి, దీపాలను ఒక్కొక్కటిగా విప్పుతూ ఏది తీసినప్పుడు ఆర్‌సీసీబీ నిలుస్తుందో చూస్తే లోపం దొరుకుతుంది. తరచు అది తీగ దీపంలోకి దూరే చోట బిగువుగా లేని గ్లాండు (నీరు చొరకుండా తీగను పట్టి ఉంచే బిగింపు) దగ్గరే ఉంటుంది. 230 వోల్టుల తీగ ఉత్త పైపులో వేసి ఉంటే, లోహపు కవచం ఉన్న ఆర్మర్డ్ కేబుల్‌ను రెండున్నర అడుగుల లోతున వేయించండి. వీలైతే తోటను పూర్తిగా 24 వోల్టులకు మార్చండి.

దీపాల మీద ఐపీ 65 అని ఉంటే అన్ని వైపుల నుంచి చిమ్మే నీటికి తట్టుకుంటుందని అర్థం. నేలలో పాతే దీపాలకు అది చాలదు. మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా తట్టుకునే ఐపీ 67 కావాలి. ఈ అంకెలు నీటి సంగతి చెబుతాయి గాని ఉప్పు గాలి సంగతి చెప్పవు. మీ చోటుకు ఇత్తడి గాని, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు గాని తీసుకోండి, నెలకొకసారి మంచినీటితో కడగండి.

మీ ఇంటి దీపాలు ఒడ్డు నుంచి కనిపిస్తాయా అన్నది కూడా చూడండి. సుమారు జనవరి నుంచి మే వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఆంధ్ర తీరపు ఇసుకలో గుడ్లు పెడతాయి. పొదిగి బయటికి వచ్చిన పిల్లలు రాత్రిపూట ఎటు ఎక్కువ వెలుగు ఉంటే అదే సముద్రమనుకుని పాకుతాయి, ఇళ్ళ వైపు వచ్చినవి తెల్లవారేసరికి ఎండకూ కుక్కలకూ బలవుతాయి. ఆ నెలల్లో సముద్రం వైపు దీపాలను ఆర్పి ఉంచండి. తప్పనిసరి అయిన దాన్ని ముదురు పసుపు రంగుదిగా మార్చి, ఇసుక నుంచి చూస్తే బల్బు కనబడకుండా గోడ చాటుకు దించండి.