టెక్ సందేహాలు: స్టార్టర్ పెట్టెకు రేకు చుట్టవచ్చా?

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తున్నాను. ఆకాశంలో అణుబాంబు పేలిస్తే పుట్టే ఈఎంపీ (విద్యుదయస్కాంత పల్స్) వల్ల ఫోన్లు, మోటార్లు అన్నీ ఒక్కసారిగా కాలిపోతాయని వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది. చెరువు నీటిలో గాలి కలిపే ఏరియేటర్లను ఫోనుతో ఆన్, ఆఫ్ చేసే మొబైల్ స్టార్టరుకు అల్యూమినియం రేకు చుట్టమని అందులో చెప్పారు. చుట్టమంటారా? నిజంగా అలాంటిది జరిగితే ప్రభుత్వం సిద్ధంగా ఉందా?

జవాబు: చుట్టకండి. ఈ వేసవి నుంచి ఇదే ప్రశ్న నాకు పదేపదే వస్తోంది. కరెంటు తీగ, మోటారు తీగ లోపలికి వెళ్తున్న పెట్టెకు రేకు చుట్టినా పల్స్ ఆ తీగల వెంటే లోపలికి చేరుతుంది. పైగా పెట్టె వేడెక్కుతుంది, సిమ్‌కు సిగ్నల్ తగ్గుతుంది, అవసరమైన రాత్రి స్టార్టరు మీ మాట వినదు.

ఈఎంపీ కట్టుకథ కాదు. 1962 జులై 9న అమెరికా పసిఫిక్ సముద్రం మీద సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో 1.4 మెగాటన్నుల బాంబును పేల్చినప్పుడు, దాదాపు 1,400 కిలోమీటర్ల అవతల ఉన్న హవాయిలో కొన్ని వీధిదీపాలు ఆరిపోయాయి. అలాంటి దెబ్బ బాంబు లేకుండా సూర్యుడి నుంచీ రావచ్చు: 1989 మార్చిలో వచ్చిన అయస్కాంత తుఫానుకు కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం సుమారు తొమ్మిది గంటలు చీకట్లో ఉంది. సౌర తుఫాను దెబ్బ తీసేది వందల కిలోమీటర్ల పొడవున్న లైన్లను, వాటి చివర ఉన్న పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లనే తప్ప జేబులోని ఫోన్లను కాదు. ధ్రువాలకు దూరంగా ఉన్న మన ప్రాంతానికి ఆ ముప్పు మరీ తక్కువ. సూర్యుడిని గమనించడానికి 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో అంతరిక్ష నౌక ఆదిత్య ఎల్1 ఇప్పుడు పనిలోనే ఉంది.

మీ చెరువుకు ఏటా వచ్చే పల్స్ పిడుగు. అది మీ గట్టు మీదే పడనక్కరలేదు, అర కిలోమీటరు దూరంలో కొబ్బరిచెట్టు మీద పడినా పొలాల మీదుగా మోటార్లకు కరెంటు తెచ్చే ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) లైనులో వేల వోల్టులు పుట్టి మీ స్టార్టరు బోర్డు దాకా వస్తాయి. ఎంసీబీ (లోడు పెరిగితే కరెంటు ఆపే స్విచ్) ఉందిగా అని చాలామంది ధీమాగా రాస్తున్నారు. ఎంసీబీ పడిపోవడానికి మిల్లీసెకన్లు పడుతుంది, పిడుగు సర్జ్ (ఒక్కసారిగా ఎగసే వోల్టేజీ) మైక్రోసెకన్లలో తన పని ముగించుకుంటుంది. మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించండి, దాని సూచిక రంగు మారితే కొత్తది వేయించండి. ఎర్తింగ్ సరిగా లేకపోతే ఆ ప్రొటెక్టర్ కూడా ఉత్త డబ్బా. మన నల్లరేగడిలో తేమకు కొరత లేదు కాని, ఉప్పునీటి చెరువుల పక్కన ఎర్తింగ్‌కు పాతిన జీఐ (జింకు పూత ఇనుప) పైపు త్వరగా తుప్పు పట్టి లోలోపలే తెగిపోతుంది, పైకి మాత్రం తీగ బాగానే కనిపిస్తుంది. ఏటా వానలకు ముందు ఎర్త్ మీటరుతో కొలిపించి, అయిదు ఓములు దాటితే కొత్త గుంత తీయించండి.

నిజానికి ఆ పెట్టె విషయంలో నన్ను భయపెడుతున్నది పిడుగు కూడా కాదు. ఈ రకం మొబైల్ స్టార్టర్లలో చాలావాటికి కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ 1234 గానో, నాలుగు సున్నాలుగానో ఉంటుంది, దాన్ని మార్చమని ఎవరూ చెప్పరు. నేను విప్పించి చూసిన మూడింటిలో రెండింటికి బిగించిన మెకానిక్ ఫోను నంబరే స్టార్టరును నడపగల మొదటి నంబరుగా మిగిలిపోయి ఉంది, అంటే ఆ రైతు ఏరియేటర్లను ఆపగల అధికారం ఒక పరాయి ఫోనులో ఉంది. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అట్టడుగుకు పడిపోయే వేళ మోటార్లు ఆగితే రొయ్యలు పైకి తేలడానికి ఎంతోసేపు పట్టదు, పంట మొత్తం పోతుంది. ఒక్క మిస్డ్ కాల్‌కు మోటారును ఆపే యంత్రాన్ని, అవతల ఉన్నదెవరో అడగకుండా తయారుచేసి అమ్మడం బాధ్యతారాహిత్యం. యాప్‌ను ప్లే స్టోరులో పెట్టకుండా వాట్సాప్‌లో ఏపీకే ఫైలుగా (నేరుగా ఫోనులో ఎక్కించే యాప్ ఫైలు) పంపే దుకాణాలదీ అదే నిర్లక్ష్యం. ఆ అలవాటును ఆసరా చేసుకునే మోసగాళ్లు తుఫాను పరిహారం పేరుతో అచ్చం అలాంటి ఫైలే పంపిస్తారు. నొక్కి డబ్బు పోగొట్టుకుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. స్టార్టరులో మీ నంబర్లు తప్ప మిగతావన్నీ ఈ రోజే తీసివేయండి.

ఇక ప్రభుత్వ సంసిద్ధత. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తుఫాను ఊడ్చినప్పుడు హెచ్చరిక చేరక పోయిన ప్రాణాలెన్నో. నేడు పిడుగులకు దామిని యాప్ ఉంది, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడుతుంది, ఫోన్లన్నిటినీ ఒకేసారి మోగించే సెల్ బ్రాడ్‌కాస్ట్‌ను 2023లో దేశమంతా పరీక్షించారు. ఇవి మంచి ఏర్పాట్లే. అయితే ఇవన్నీ చివరకు ఒక టవరు మీద, ఆ టవరు కింద ఉన్న బ్యాటరీల మీద ఆధారపడి ఉన్నాయి. 2022 జులైలో ఆ బ్యారేజీ నుంచి పాతిక లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వెళ్లినప్పుడు లంక గ్రామాలకు పడవలే దిక్కయ్యాయి. అలాంటి చోటికి టవరు జనరేటరుకు కావలసిన డీజిల్ ఎవరు, ఏ పడవలో తీసుకువెళ్తారో ముందే కాగితం మీద ఉండాలి. హెచ్చరిక బులెటిన్‌తో పాటు ఏ మండలంలో ఏ టవరు కరెంటు లేకుండా ఎన్ని గంటలు పనిచేస్తుందో కూడా జిల్లా యంత్రాంగం ప్రకటించాలి. ఆ లెక్క తెలిసిన ఊళ్లో ఫోను మూగబోకముందే బ్యాటరీ రేడియో బయటికి తీస్తారు, దండోరా వేసే మనిషిని పిలుస్తారు, మీలాంటి రైతు స్టార్టరు పక్కన మనిషిని కాపలా పెట్టి జనరేటరును చేత్తోనే నడుపుకుంటాడు.