‘గన్‌స్మోక్’ మొదటి ఎపిసోడ్‌లోనే మార్షల్ ఓడిపోవడం లోపమా?

‘గన్‌స్మోక్’ అనే అమెరికన్ టీవీ కౌబాయ్ ధారావాహిక మొదలైన రోజే కథానాయకుడిని తుపాకీ పోరులో పడగొట్టడం ఆ పాత్రను చిన్నబుచ్చడమేనని చాలామంది ప్రేక్షకులు అంటున్నారని, చూసినవారి అభిప్రాయం కావాలని మీరు అడిగారు. అది లోపం కాదని, ఆ ఎపిసోడ్‌కు ప్రాణమే ఆ ఓటమి అని నా గట్టి నమ్మకం.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. 1955 సెప్టెంబరు 10న అమెరికాలో సీబీఎస్ టీవీ సంస్థ ప్రసారం చేసిన ‘మ్యాట్ గెట్స్ ఇట్’ అనే ఈ అరగంట ఎపిసోడ్‌లో డాన్ గ్రాట్ అనే హంతకుడు కాన్సాస్ రాష్ట్రంలోని డాడ్జ్ సిటీలో తిష్ఠ వేస్తాడు. అతన్ని పట్టుకుపోవడానికి టెక్సాస్ నుంచి వచ్చిన అధికారి అతని చేతిలోనే ప్రాణాలు కోల్పోతాడు. ఆ తర్వాత ఎదురునిలిచిన మార్షల్ (ఊరి శాంతిభద్రతలు చూసే అధికారి) మ్యాట్ డిలన్ కూడా తూటా దెబ్బకు నేలకూలుతాడు. ఇక అతని పని అయిపోయిందని గ్రాట్ ధీమాగా ఉంటాడు. కొన ఊపిరి నుంచి కోలుకున్న మార్షల్ మళ్లీ అతని ముందుకు వస్తాడు.

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఈ ఎపిసోడ్‌ను ఇద్దరు ముగ్గురు తెలుగు మిత్రులతోనూ, మా ఇంటి పక్కన ఉండే ఒక పెద్దాయనతోనూ కలిసి చూశాను. కృష్ణ గారి కౌబాయ్ సినిమాలు చూస్తూ పెరిగిన ఒక మిత్రుడికి ఇది ఏమాత్రం మింగుడుపడలేదు. హీరో మొదటి పోరులోనే పడిపోతే ఇక అతని మీద నమ్మకం ఎలా కుదురుతుందని వాదించాడు. పెద్దాయన మాత్రం ఆశ్చర్యపోలేదు. 1952లో రేడియోలో మొదలైన ‘గన్‌స్మోక్’ను అందులో మ్యాట్ డిలన్‌గా నటించిన విలియమ్ కాన్రాడ్ గొంతుతో విని పెరిగిన ఆయనకు, డాడ్జ్ సిటీలో మంచివాడైనంత మాత్రాన తూటా తప్పదన్న సంగతి ముందే తెలుసు.

నన్ను కట్టిపడేసింది గ్రాట్ నడక. పాల్ రిచర్డ్స్ ఆ పాత్రలో ఎక్కడా గొంతు పెంచడు. నెమ్మదిగా, దాదాపు మర్యాదగా మాట్లాడుతూనే అడుగులో అడుగు వేసుకుంటూ ఎదుటివాడికి దగ్గరవుతాడు. మొదటిసారి చూసినప్పుడు అది అతని ధీమాకు గుర్తుగా కనిపిస్తుంది. అసలు రహస్యం మంచం పట్టిన మార్షల్ ఆలోచనలో తేలుతుంది: గ్రాట్ చెయ్యి మెరుపులా లేస్తుంది గానీ గురి కుదరదు, అందుకే బాగా దగ్గరికి వస్తే తప్ప తుపాకీ తీయడు. రెండోసారి మార్షల్ అతనికి ఆ దగ్గరితనం దక్కనివ్వడు, అంతటితో గ్రాట్ వేగానికి విలువ లేకుండా పోతుంది. ఇక్కడ గెలిచింది చేతి వేగం కాదు, పరిశీలన. గాయం తగలకపోతే ఆ పరిశీలనకు అవకాశమే లేదు కనుక, ఓటమిని తీసేస్తే కథే మిగలదు.

ముగింపు మరీ అనుకూలంగా కుదిరిందన్న విమర్శ కూడా విన్నాను. అంత పెద్ద దెబ్బ నుంచి అంత త్వరగా లేవడం నమ్మశక్యంగా లేదన్న మాటలో కొంత న్యాయం ఉంది. అరగంట నిడివి తెచ్చిన ఇబ్బంది అది. గ్రాట్ రహస్యం చివర్లో ఊడిపడిందనే మాటను మాత్రం ఒప్పుకోను. దర్శకుడు చార్లెస్ మార్క్విస్ వారెన్ ప్రతి ఘర్షణలోనూ ఇద్దరి మధ్య ఎంత దూరముందో మన కళ్లకు స్పష్టంగా చూపిస్తూనే వచ్చాడు.

మొదట్లో కౌబాయ్ సినిమాల ప్రసిద్ధ నటుడు జాన్ వేన్ తెరపైకి వచ్చి, మార్షల్‌గా నటించిన జేమ్స్ ఆర్నెస్‌ను పరిచయం చేసే భాగాన్ని కొందరు తెగ మెచ్చుకుంటారు. అది చరిత్రగా విలువైనదే. కానీ దాని తర్వాత మార్షల్ స్వయంగా బూట్ హిల్ శ్మశానంలో నిలబడి పలికే మాటలే నాకు సరైన ఆరంభంగా అనిపిస్తాయి, ఎందుకంటే అవి ఈ ఊళ్లో చావు ఎంత మామూలో చెప్పి, రాబోయే దెబ్బకు మనల్ని సిద్ధం చేస్తాయి.

నాకున్న అసంతృప్తి ఒక్కటే, ఊళ్లోని మద్యశాలలో పనిచేసే కిట్టీ పాత్రకు దక్కవలసినంత చోటు ఇందులో దక్కలేదు. ఆ పాత్ర వేసిన అమాండా బ్లేక్ నటనలోని బలం తర్వాతి ఎపిసోడ్లలోనే తెలుస్తుంది. మొత్తం 20 సీజన్లు, 635 ఎపిసోడ్లు ఉన్నాయి. ఈ ఒక్కదాన్ని బట్టి తీర్పు చెప్పకుండా, మొదటి సీజన్‌లో ఇంకొన్నయినా చూడండి.