ఉత్తర కెనడాలో శాసనసభ్యుడు కావాలనుకునే అబ్బాయికి ఏ చదువు?

ప్రశ్న: మేము ఎడ్మంటన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం. పన్నెండో తరగతి చదువుతున్న మా అబ్బాయి రాజనీతి శాస్త్రం చదివి, యెల్లోనైఫ్ వెళ్లి, అక్కడి శాసనసభకు పోటీ చేస్తానంటున్నాడు. దీన్ని ఒక వృత్తిగా నమ్ముకోవచ్చా?

జవాబు: అమ్మా, శాసనసభ్యత్వం ప్రజలు నాలుగేళ్లకు అప్పగించే బాధ్యత, జీవితమంతా నమ్ముకోగల ఉద్యోగం కాదు. కాబట్టి మీ అబ్బాయి కోరికను కాదనకుండానే, ముందుగా ఆ ఊళ్లో నలుగురికీ పనికొచ్చే వృత్తి ఒకటి నేర్చుకోమని చెప్పండి.

యెల్లోనైఫ్ రాజధానిగా ఉన్న ఉత్తర కెనడా ప్రాంతం నార్త్‌వెస్ట్ టెరిటరీస్. దాని శాసనసభలో 19 స్థానాలుంటే, అందులో 7 యెల్లోనైఫ్‌వే. ఆ సభలోనూ, పొరుగున ఉన్న నునావుట్ సభలోనూ పార్టీలు లేవు. స్వతంత్రులుగా గెలిచిన సభ్యులే సమావేశమై తమలోంచి ప్రీమియరును (మన ముఖ్యమంత్రి వంటి పదవి), మంత్రులను రహస్య ఓటింగుతో ఎన్నుకుంటారు. మన రాష్ట్రాల్లో మాదిరిగా పార్టీలో చేరి టికెట్టు సంపాదించుకునే దారి అక్కడ లేదు. 2021 జనగణన నాటికి నార్త్‌వెస్ట్ టెరిటరీస్ మొత్తం జనాభాయే 41 వేలు. సగటున ఒక సభ్యుడికి రెండు వేల పైచిలుకు మందే కనుక, అభ్యర్థి ఇన్నాళ్లూ ఏం పనిచేశాడో, ఎవరి కష్టానికి నిలబడ్డాడో ఓటర్లకు స్వయంగా తెలిసే ఉంటుంది.

మీ అబ్బాయి తప్పక తెలుసుకోవలసిన జీవితం నునావుట్ తొలి ప్రీమియర్ పాల్ ఒకాలిక్‌ది. పాంగ్నిర్టంగ్ అనే చిన్న ఊళ్లో పుట్టిన ఈ ఇనుయిట్ ఆదివాసి నాయకుడు కుర్రతనంలో బడికి దూరమై, జైలుకు కూడా వెళ్లి, గనిలో పనిచేశారు. తర్వాత తమవారి భూహక్కుల చర్చల్లో పనిచేస్తూ లోకం తెలుసుకొని, విశ్వవిద్యాలయంలో చేరి, న్యాయశాస్త్రం పూర్తిచేశారు. 1999 ఏప్రిల్ 1న నునావుట్ ఏర్పడిన రోజున, 34 ఏళ్ల వయసులో ప్రీమియర్ అయి, 2008 వరకు కొనసాగారు. మళ్లీ మంత్రి అయ్యాక, 2016లో రాజధాని ఇకాలుయిట్‌లో బీరు, వైను దుకాణం పెట్టాలన్న నిర్ణయంతో ఏకీభవించలేక పదవి వదులుకున్నారు. మరుసటి ఏడాది ఎన్నికలో ఓడిపోయారు. అంతటి నాయకుడికే పదవి నిలకడగా లేదు. న్యాయశాస్త్ర డిగ్రీ కన్నా ముందు భూహక్కుల చర్చల్లో గడిపిన సంవత్సరాలే ఆయనను నాయకుణ్ని చేశాయని నా అభిప్రాయం.

రాజనీతి శాస్త్రం మంచి చదువే. అయితే దానితోపాటు న్యాయశాస్త్రమో, నర్సింగో, ఉపాధ్యాయ శిక్షణో ఉంటే ఉత్తర కెనడాలో ఉపాధికీ, జనంతో పరిచయానికీ అదే ఆధారమవుతుంది. నార్త్‌వెస్ట్ టెరిటరీస్ జనాభాలో దాదాపు సగం డెనే, మేటీ, ఇనువియాలుయిట్ ఆదివాసులు; అక్కడి 11 అధికార భాషల్లో 9 వారివే. వారి ఒప్పందాల చరిత్ర చదవకుండా, ఒక్క భాషైనా పలకరింపు మేరకు నేర్చుకోకుండా ఓటు అడగడం మర్యాద కాదని అబ్బాయికి గట్టిగా చెప్పండి. పోటీ విషయానికొస్తే నగర మండలితోనో, పాఠశాల బోర్డుతోనో మొదలుపెట్టడం మేలు.

డిగ్రీలో చేరాక ఒక శీతాకాలం అక్కడే ఏదైనా పని చూసుకొని ఉండనివ్వండి. డిసెంబరులో యెల్లోనైఫ్‌లో పగలు ఐదు గంటలే ఉంటుంది. ఆ చలినీ చీకటినీ చూసి వచ్చాక కూడా ఇదే మాట మీదుంటే, న్యాయశాస్త్రానికి దరఖాస్తు చేయించండి.